కొలతలు – వాని హద్దులు

1958వ సంవత్సరము అక్టోబరులో మెట్రిక్ తూనికలు మన దేశములో ఆచరణలోనికి రానారంభించినవి. అంతకుముందు గోదావరి మండలములో ధాన్యమును కొలవడానికి కుంచము వాడుకలో ఉండేది. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. లెక్క తేలికగానే ఉన్నది. కాని కుంచము కొలిచేది ధాన్యము ఆక్రమించే చోటును మాత్రమే. తాలు కలిసిన ధాన్యమైనా, గట్టి గింజలున్న ధాన్యమైనా కుంచము ఒకే విధముగా నిండుతుంది. దంచి చూసినప్పుడు తేడా తెలుస్తుంది. పైన చదును చేసి కొలిస్తే ఒక లెక్క, పోగుగా కొలిస్తే మరొక లెక్క. కనుక కొలిచిన సంఖ్యను తెలిసికొన్నంత మాత్రాన చాలదు. ఆ సంఖ్య దేనిని కొలిచినది, ఎట్లు కొలిచినది, దేనిని విడిచిపెట్టినది అని కూడ విచారించవలసి ఉంటుంది.

శాస్త్ర పరిశోధనకు కూడ ఈ విచారణ అవసరము. పొలము, జన్యువు, రోగము, మనస్సు – ఈ నాలుగూ వేరువేరు శాస్త్రాలకు చెందిన విషయములు. అయినా ప్రతి శాస్త్రమూ తన ఫలితమును ఒక సంఖ్యగానే చెబుతుంది. హెక్టారుకు ఇన్ని కిలోలని ఒకరు, నూటికి ఇంతమందికి వ్యాధి ఉన్నదని మరొకరు, ఈ బాలుని బుద్ధి ఇంత అని వేరొకరు చెబుతారు. సంఖ్య వినగానే మారుమాట లేకుండ ఒప్పుకోవడము చాలమందికి అలవాటు. గోదావరి డెల్టాకు సంబంధించిన కొన్ని పరిశోధనలను తీసికొని, వానిలో వాడిన కొలతలను ఎంతవరకు నమ్మవచ్చునో, ఏ హద్దు దాటితే నమ్మరాదో పరిశీలించడము ఈ వ్యాసము ఉద్దేశము.

సంఖ్యలలో నాలుగు జాతులు

అన్ని సంఖ్యలూ ఒక జాతివి కావు. ఈ సంగతిని స్పష్టముగా వివరించినవాడు ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1946లో ఆయన కొలతలను నాలుగు తరగతులుగా విభజించాడు.

మొదటి తరగతి సంఖ్యలు పేర్లు మాత్రమే. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రములో పుట్టిన స్వర్ణ వరికి ఎం.టి.యు. 7029 అని మరొక పేరు. 7029 నుండి మరొక వరి సంఖ్యను తీసివేస్తే వచ్చే శేషమునకు అర్థమేమీ లేదు. రెండవ తరగతి సంఖ్యలు వరుసను తెలుపుతాయి. పరుగుపందెములో మొదటివాడు, రెండవవాడు, మూడవవాడు అంటే ఎవరు ముందో తెలుస్తుంది. ఎంత ముందో తెలియదు. మూడవ తరగతిలో అంతరములు సమానముగా ఉంటాయి గాని నిజమైన సున్న ఉండదు. సెంటిగ్రేడు ఉష్ణమాపకము ఇట్టిది. 20 డిగ్రీలకు 30 డిగ్రీలకు మధ్య తేడా, 30కి 40కి మధ్య తేడా ఒకటే. అయినా 40 డిగ్రీల వేడి 20 డిగ్రీల వేడికి రెట్టింపు అనరాదు. నాలుగవ తరగతిలో నిజమైన సున్న కూడ ఉంటుంది. బరువు, పొడవు ఇట్టివి. నాలుగు కిలోల బియ్యము రెండు కిలోలకు రెట్టింపే. ఇందులో సందేహము లేదు.

ఒక తరగతి సంఖ్యను మరొక తరగతి సంఖ్యగా భావించడము వల్ల పొరపాట్లు పుడతాయి. ఈ మాటను మనస్సున ఉంచుకొని మొదట ఒక మంచి కొలతను పరిశీలించవచ్చును.

నీలి రంగు చెప్పిన లెక్క

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించారు. రాజమహేంద్రవరములో కొంతకాలము చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయమూ, మామగారు కూర్చిన ధనమూ ఆధారముగా అమెరికా వెళ్ళి బోస్టను నగరములోని హార్వర్డు విశ్వవిద్యాలయములో చేరారు. ఆయనను గురించి వ్రాసేవారు సాధారణముగా మందుల పట్టికతో ప్రారంభిస్తారు: ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, హెట్రజాన్, మెథోట్రెక్సేట్. ఈ పట్టిక సరియైనదే కాని, ఇది ఆయన జీవితములోని రెండవ సగము. మొదటి సగములో ఆయన కీర్తికి కారణమైనది ఒక కొలత.

1925లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాని సూత్రము హైస్కూలు విద్యార్థికి కూడ బోధపడుతుంది. ఆమ్ల ద్రావణములో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఒక సంయోగ పదార్థము ఏర్పడుతుంది. దానిని తగిన క్షయకరణితో క్షయకరణము చేస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలి రంగు అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన పరిమాణము గల ద్రావణపు రంగుతో పోల్చి, తెలియని ద్రావణములోని భాస్వరమును లెక్కకట్టవచ్చును. కొద్ది చుక్కల రక్తములోని భాస్వరము కూడ దీనికి చిక్కుతుంది. ఫాస్ఫేటు లేకపోతే ఈ రంగు లేదు. రెట్టింపు ఉంటే రంగు రెట్టింపు. స్టీవెన్స్ చెప్పిన నాలుగవ తరగతికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

అయితే ఈ కొలత గొప్పదనము దాని సున్నితములో మాత్రమే లేదు. కండరముల నుండి తీసిన ద్రవములో భాస్వరమును కొలిచేటప్పుడు నీలి రంగు రావలసినంత త్వరగా రాలేదు; మెల్లమెల్లగా చిక్కబడింది. తొందరపడేవాడైతే రసాయనములు చెడినవని పారబోసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఫిస్కే, సుబ్బారావులు ఆ ఆలస్యమునకు కారణము వెదికారు. కండరములో స్వేచ్ఛగా ఉన్నదని అంతవరకు భావించిన ఫాస్ఫేటులో చాల భాగము నిజానికి క్రియేటిన్‌తో కలిసి ఉన్నది. ఆమ్లములో ఆ బంధము క్రమముగా విడిపోతూ ఉన్నందువల్ల రంగు నెమ్మదిగా వచ్చింది. ఈ విధముగా 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయటపడింది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ అదే కాలములో స్వతంత్రముగా ఈ పదార్థమును గుర్తించారు. 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావులు జీవకణములకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కనుగొన్నారు.

కొలత అనుకున్న విధముగా నడవనప్పుడు ఆ తేడాను దాచకుండ వివరము అడగడమే పరిశోధనకు ప్రాణము. ఇకముందు చెప్పబోయే కొలతలను ఈ ప్రమాణముతోనే విమర్శించవలెను.

పొలములో అదే నీలి రంగు

నేలలోని భాస్వరమును పరీక్షించే ప్రయోగశాలలలో నేటికీ కనిపించేది ఆ మాలిబ్డినము నీలి రంగే. క్షయకరణి మారింది, పరికరములు మారినవి; సూత్రము మారలేదు. అయినా రక్తము విషయములో లేని చిక్కు నేల విషయములో ఉన్నది. నేలలో ఉన్న భాస్వరమంతా మొక్కకు అందదు. చాల భాగము సున్నముతోను, ఇనుముతోను కలిసి కరగకుండ ఉంటుంది. కనుక ‘భాస్వరము ఎంత’ అన్న ప్రశ్న కంటె ‘మొక్కకు అందే భాస్వరము ఎంత’ అన్న ప్రశ్నయే రైతుకు కావలసినది. దీనికోసము 1954లో ఓల్సెన్, ఆయన సహచరులు సోడియం బైకార్బొనేటు ద్రావణముతో నేలనుండి భాస్వరమును తీసే పద్ధతిని ప్రతిపాదించారు. క్షారగుణము గల నేలలకు ఇది నప్పుతుంది.

ఇక్కడ ఒక విశేషమును గమనించవలెను. పరీక్షకు పంపే మట్టిని ఆరబెట్టి, పొడిచేసి, జల్లించి పంపుతారు. సార్వా వరి పెరిగేది ఆరిన నేలలో కాదు. దమ్ము చేసిన నేల వారాల తరబడి నీటిక్రింద ఉంటుంది. నీటిక్రింద గాలి అందక, నేలలోని ఇనుము రసాయనికముగా మారుతుంది. దానితో బంధింపబడి ఉన్న ఫాస్ఫేటు కొంత విడుదల అవుతుంది. అందువల్ల ఆరిన మట్టి పరీక్షలో భాస్వరము తక్కువ అని తేలిన పొలములోనే, నీరు నిలిచిన తరువాత వరికి అది ఎక్కువగా అందవచ్చును. అదే పొలములో తరువాత మినుము చల్లితే ఈ సదుపాయము ఉండదు. నీలి రంగు అబద్ధము చెప్పలేదు. అది అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పింది. అడిగిన ప్రశ్న మాత్రము వరిది కాదు.

మరొక హద్దు నమూనాకు సంబంధించినది. 2015లో ప్రారంభమైన భూసార పత్రాల పథకములో నీటివసతి ఉన్న భూములలో 2.5 హెక్టార్లకు ఒక మట్టి నమూనా తీయవలెనని నిర్ణయించారు. అంటే ఆరు ఎకరాలకు పైగా భూమికి ఒక నమూనా. డెల్టాలో ఆరు ఎకరాలలో ముగ్గురు, నలుగురు రైతుల కమతములు ఉండవచ్చును. ఒకని పొలము మెరక, పక్కవానిది పల్లము. ఒకడు పశువుల ఎరువు వేసినవాడు, మరొకడు వేయనివాడు. అందరి పత్రములలోను ఒకే సంఖ్య పడుతుంది. ప్రాంతము మొత్తము మీద భూసారము ఎట్లున్నదో తెలిసికొనుటకు ఈ సంఖ్య ఉపయోగపడుతుంది. ఒక మడికి ఎంత ఎరువు వేయవలెనో నిర్ణయించుటకు అంతగా ఉపయోగపడదు.

దిగుబడి విషయము కూడ ఇట్టిదే. మారుటేరు కేంద్రము 1925 నుండి పనిచేస్తున్నది. వశిష్ట, మసూరి వరులను సంకరము చేసి అక్కడ రూపొందించిన స్వర్ణ 1982లో విడుదలై, ఒరిస్సా, బెంగాలు వరకు వ్యాపించింది. హెక్టారుకు ఇన్ని కిలోలు అన్న కొలబద్దతో చూస్తే అది గొప్ప విజయము. కాని పొలమునుండి రైతుకు కావలసినది ధాన్యపు బరువు మాత్రమే కాదు. 2011లో కోనసీమ రైతులు ఎన్నో వేల ఎకరాలలో సార్వా వేయక పంట విరామము ప్రకటించారు. ఖర్చులు పెరిగినవనీ, ధర గిట్టుబాటు కాలేదనీ, మురుగు కాలువలు పూడి పొలములు మునుగుతున్నవనీ వారు చెప్పిన కారణములు. దేశములోని సారవంతమైన నేలలలో ఒకటైన కోనసీమలో పొలములు బీడు పడినవంటే, హెక్టారు దిగుబడి ఒక్కటే వ్యవసాయపు మంచిచెడ్డలను చెప్పలేదని రుజువైనట్లే.

గ్రంథములో లేని పుట

ముంపు మాట వచ్చింది కనుక అక్కడినుండి జన్యువుల వద్దకు పోవచ్చును. జన్యువునకు, భాస్వరమునకు దగ్గరి సంబంధము ఉన్నది. డి.ఎన్.ఎ. గొలుసులో చక్కెర, ఫాస్ఫేటు వరుసగా అమరి ఉంటాయి. 1952లో హెర్షీ, మార్తా చేజ్ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక భాస్వరముతో డి.ఎన్.ఎ.కు, రేడియోధార్మిక గంధకముతో ప్రోటీనుకు గుర్తుపెట్టి, సూక్ష్మజీవులపై దాడిచేసే వైరసులలో జన్యు సమాచారమును లోపలికి తీసికొనిపోయేది డి.ఎన్.ఎ. అని చూపించారు.

వరి జన్యువులను పూర్తిగా చదివే అంతర్జాతీయ ప్రయత్నము 2005లో ముగిసింది. వరికి 12 జతల క్రోమోజోములు. వానిలో 11వ క్రోమోజోములో కొంత భాగమును భారతీయ శాస్త్రజ్ఞులు చదివారు. సుమారు 39 కోట్ల అక్షరముల గ్రంథము సిద్ధమైనదని లోకము సంతోషించింది. అయితే ఆ గ్రంథము నిప్పన్‌బారె అనే ఒక్క జపాను రకపు వరిది.

ఇప్పుడు డెల్టా రైతు ప్రశ్నను ఆ గ్రంథమును అడిగి చూడవలెను. మొక్క పూర్తిగా నీట మునిగితే సాధారణమైన వరి నీటిపైకి రావడానికి త్వరత్వరగా పొడుగు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు తనలో నిల్వ ఉన్న పిండిపదార్థము ఖర్చైపోతుంది. వరద తీసేసరికి మొక్క బలహీనపడి వాలిపోయి చనిపోతుంది. ఒరిస్సాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకము మాత్రము మునిగినప్పుడు పెరుగుదలను ఆపి, ఊపిరి బిగబట్టినట్లు ఉండి, నీరు తీసిన తరువాత తిరిగి చిగురిస్తుంది. ఈ గుణమునకు ఆధారము 9వ క్రోమోజోములోని సబ్1ఎ అనే జన్యువని 2006లో తేల్చారు. దానిని స్వర్ణలో ప్రవేశపెట్టగా వచ్చిన స్వర్ణ సబ్1 రకమును 2009లో భారతదేశములో విడుదల చేశారు. సుమారు రెండు వారముల ముంపునకు అది తట్టుకుంటుంది. ముంపు లేని సంవత్సరములలో స్వర్ణకు తీసిపోదు.

ఈ సబ్1ఎ జన్యువు నిప్పన్‌బారె వరిలో లేదు. దాని చుట్టములైన సబ్1బి, సబ్1సి ఉన్నవి; ఇది మాత్రము లేదు. అట్లే భాస్వరము తక్కువగా ఉన్న నేలలో వేళ్ళను విస్తరింపజేసే మరొక జన్యువును 2012లో కసలత్ అనే పాత భారతీయ రకములో గుర్తించారు. అదీ నిప్పన్‌బారెలో లేదు. ఆ గ్రంథమును ఎన్నిమార్లు తిరగవేసినా ఈ రెండు పుటలూ దొరకవు. వానిని కాపాడినవి రైతులు తరతరాలుగా విత్తనము కట్టిన నాటు రకములు.

కనుక ‘వరి జన్యువులన్నీ చదివినాము’ అనే మాటను ‘ఒక వరి జన్యువులను చదివినాము’ అని సవరించుకోవలెను. స్వర్ణ సబ్1ను గురించిన ప్రచారమునకు కూడ ఒక సవరణ కావలెను. ఈ జన్యువు రక్షించేది వచ్చి పోయే వరదనుండి. మురుగు పారక, మోకాటిలోతు నీరు నెలల తరబడి నిలిచే పల్లపు చేలలో మొక్క పొడుగు పెరగడమే అవసరము. అక్కడ పెరుగుదలను ఆపే జన్యువు సాయపడదు. మురుగు కాలువ చేయవలసిన పనిని జన్యువు చేయలేదు.

అర్ధరాత్రి తీసిన రక్తపు చుక్క

డెల్టాలో నీరు నిలిస్తే పంటకే కాదు, మనిషికీ కీడే. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్సు దోమ బోద వ్యాధి పురుగులను మోస్తుంది. ఉభయ గోదావరి జిల్లాలు ఈ వ్యాధికి చిరకాలముగా పేరుపడినవి. 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము ప్రారంభమైనది. రాజమహేంద్రవరములో ఈ వ్యాధిపై సిబ్బందికి శిక్షణనిచ్చే కేంద్రము ఏర్పడింది. భీమవరములో పుట్టిన సుబ్బారావు నాయకత్వములో లెడర్లీ ప్రయోగశాలవారు 1947లో ప్రకటించిన హెట్రజాన్ అనే మందే, డి.ఇ.సి. పేరుతో, ఈ వ్యాధిమీద యుద్ధములో ప్రధానమైన ఆయుధము. 2004 నుండి మన దేశములో ఏటేటా ఊరందరిచేత ఈ మందును మింగించే పద్ధతి అమలులోనికి వచ్చింది.

వ్యాధి తగ్గినదని ఎట్లు తెలుస్తుంది? పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తులలోని రక్తనాళములలో దాగి, రాత్రివేళ చర్మము దగ్గరి రక్తములోనికి వస్తాయి. కనుక రాత్రిపూట ఇంటింటికీ పోయి, వేలినుండి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తము తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నూరుమందిలో ఎందరి రక్తములో ఈ పిల్లలు ఉన్నవో అది ఊరి లెక్క.

ఈ లెక్కను విద్యార్థులే పరీక్షించవచ్చును. ఒక మిల్లీలీటరుకు 1000 ఘనపు మిల్లీమీటర్లు. ఒకని రక్తములో మిల్లీలీటరుకు 25 పురుగు పిల్లలు సమానముగా చెదిరి ఉన్నవనుకొనుడు. 20 ఘనపు మిల్లీమీటర్లలో సగటున ఉండేది అర పురుగు. సంభావ్యతా సూత్రము ప్రకారము, ఇట్టివారు పదిమంది ఉంటే సుమారు ఆరుగురి చుక్కలో ఒక్కటి కూడ కనిపించదు. ‘లేదు’ అన్న సమాధానమునకు ‘ఈ చుక్కలో లేదు’ అని మాత్రమే అర్థము. వ్యాధి ఎక్కువగా ఉన్నప్పుడు ఈ లోపము అంతగా బాధింపదు. వ్యాధి అంతరించవచ్చిన దశలో, మిగిలినవారి రక్తములో పురుగులు పలచబడినప్పుడు, ఇదే పెద్ద లోపమవుతుంది.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కాలు బోదెక్కినవారిలో చాలమంది రక్తములో పురుగు పిల్లలు కనిపించవు. పురుగు పిల్లలు ఉన్నవారిలో చాలమందికి కాలు వాచి ఉండదు. రక్తపు లెక్క కొలిచేది రోగము ఇతరులకు వ్యాపించే అవకాశమును. రోగి పడే బాధను కాదు. ఊరి లెక్క సున్నకు దిగినా, బోదకాలుతో కూలిపనికి పోలేని మనిషి ఆ ఊరిలోనే ఉంటాడు. అతనికి కావలసినది కాలిని రోజూ కడిగి పుండ్లు పడకుండ కాపాడుకొనే శిక్షణ, వైద్యసహాయము. ఊరిని రెండు కొలతలతో కొలవకపోతే రెండవ మనిషి లెక్కలోనికి రాడు.

మందు పంచిన లెక్క కూడ ఇట్టిదే. చేతిలో పెట్టిన మాత్రలను లెక్కించడము సులభము. మ్రింగిన మాత్రలను లెక్కించడము కష్టము. సులభమైన లెక్కను వ్రాసి, కష్టమైన దానిని అందులోనే కలిపివేస్తే కాగితము మీద వ్యాధి తగ్గుతుంది.

మనస్సునకు కుంచము ఉన్నదా?

భాస్వరమును, ధాన్యమును, పురుగులను కొలవడములోనే ఇన్ని హద్దులు ఉంటే, మనస్సును కొలవడము ఎంత జాగ్రత్తతో చేయవలసిన పనియో ఊహించవచ్చును. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ కలిసి తొలి బుద్ధి పరీక్షను తయారుచేశారు. సాధారణమైన తరగతిలో చదువు అందుకోలేక, ప్రత్యేకమైన సహాయము అవసరమైన పిల్లలను గుర్తించడము వారి ఉద్దేశము. బుద్ధి అనేది కదలని, పెరగని పరిమాణమని బినే భావించలేదు. అట్లు భావించేవారిని ఆక్షేపించాడు. 1912లో జర్మనీ దేశస్థుడు స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించే సూత్రమును చెప్పాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దానిని వందతో గుణించి ప్రజ్ఞాలబ్ధి అన్నాడు. సహాయము చేయుటకు పుట్టిన పరీక్ష, కొద్దికాలములోనే మనుష్యులకు వెల కట్టే పరీక్షగా మారింది. మన దేశములో వి.వి. కామత్ మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడే పిల్లలకు అనుగుణముగా బినే పరీక్షను మార్చి, 1940లో తన ఫలితములను గ్రంథముగా ప్రకటించాడు. భాష మారితే పరీక్ష మారవలెనని గుర్తించడమే ఒక మంచి విమర్శ.

ప్రజ్ఞాలబ్ధికి నిజమైన సున్న లేదు. 120 వచ్చినవాడు 60 వచ్చినవానికి రెట్టింపు బుద్ధిమంతుడు కాడు. పైగా ఆ కొలబద్ద కాలముతో సాగుతుంది. గత శతాబ్దములో అనేక దేశములలో పరీక్ష ఫలితములు దశాబ్దమునకు సుమారు మూడు చొప్పున పెరుగుతూ వచ్చినవని 1980లలో జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. ఒక తరములోనే మనుష్యుల సహజ బుద్ధి ఇంతగా మారదు. మారినది చదువు, తిండి, పరీక్షలతో పరిచయము. అంటే పరీక్ష బుద్ధితోపాటు వీనిని కూడ కొలుస్తున్నది. అట్లని ఈ పరీక్షలను త్రోసిపుచ్చరాదు. ఏ బాలునికి ఎక్కడ సహాయము కావలెనో తెలిసికొనుటకు, అనగా బినే అడిగిన ప్రశ్నకు, ఇవి నేటికీ ఉపయోగపడుతున్నవి.

ప్రతి పాఠశాలలోను నిత్యము జరిగే మానసిక కొలత మార్కులు వేయడము. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనేవారు ఒకే ఆంగ్ల జవాబు పత్రమును నూరుమందికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించగా, నూటికి వేసిన మార్కులలో ముప్ఫైకి మించిన తేడా వచ్చింది. ఇది భాషా విషయము కనుక ఇట్లయినదని ఆక్షేపణ రాగా, మరుసటి సంవత్సరము రేఖాగణితపు పత్రముతో చేసి చూశారు. తేడా ఇంకా పెరిగింది. నీలి రంగు పద్ధతిలో ఇంత తేడా వస్తే ఏ ప్రయోగశాలా దానిని వాడదు. అయినా మన పరీక్షలలో 35 మార్కులు వచ్చినవాడు గట్టెక్కుతాడు, 34 వచ్చినవాడు మునుగుతాడు. ఆ ఒక్క మార్కు తేడా, దిద్దిన చేతి తేడాకంటె చాల చిన్నది.

సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నములో గాని గట్టెక్కలేదు. మద్రాసులో వ్రాత పరీక్షలలో చక్కగా వ్రాసినా, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఆయన ఖద్దరు ధరించడము శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చకపోవడమే దీనికి కారణమని చరిత్రకారులు వ్రాశారు. భాస్వరమును లక్షలో వంతుల వరకు కొలవగలిగిన మనిషిని కొలవడములో పరీక్షలు ఇట్లు తప్పినవి.

ఈ కథను పాఠశాలలలో తరచు చెబుతారు. పరీక్ష తప్పినా పరవాలేదని ధైర్యము చెప్పడానికి దీనిని వాడుతారు. ఈ వాడుక కూడ విమర్శకు నిలవదు. తప్పినవారిలో ఒక్కరు సుబ్బారావు కావడము చేత, తప్పినవారందరూ గొప్పవారవుతారని తేలదు. పరీక్ష తప్పి, మళ్ళీ కట్టడానికి రుసుము లేక, చదువు మానివేసిన వారి పేర్లు ఏ గ్రంథములోను లేవు. కనుక వారు లెక్కకు రారు. ఆ కథ నిజముగా తెలిపేది వేరొకటి. ఆయన బాల్యములో ఇంట వరుసగా రోగములు, మరణములు సంభవించినవి. ఆ సంవత్సరములలో వచ్చిన మార్కులు ఆయన బుద్ధితోపాటు ఆ దుఃఖమును కూడ కొలిచినవి. అంకెలో ఆ రెండింటినీ విడదీసి చూపే గీత ఏదీ లేదు. కాకినాడ ధర్మసంస్థ ఆ అంకెలను మాత్రమే నమ్మి ఉంటే ఆయన ఓడ ఎక్కేవారు కారు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

కొలతలను నిరాకరించమని ఈ విమర్శకు అర్థము కాదు. కొలత లేనిదే ఫాస్ఫోక్రియేటిన్ లేదు, స్వర్ణ సబ్1 లేదు, బోద వ్యాధి నివారణ లేదు. ఒక సంఖ్య ఎదురైనప్పుడు నాలుగు ప్రశ్నలు వేయడము అలవాటు చేసికొంటే చాలును. ఇది కొలిచినది దేనిని? మరొకరు కొలిస్తే ఇదే వస్తుందా? ఈ సంఖ్యకు నిజమైన సున్న ఉన్నదా? దీనిలోనికి రానిది ఏది?

వీనిని తరగతిలోనే అభ్యసింపవచ్చును. ఒక తవ్వనో, డబ్బానో తీసికొని తాలు కలిసిన ధాన్యముతో ఒకసారి, గట్టి ధాన్యముతో ఒకసారి నింపి, రెండింటినీ త్రాసులో తూచి చూడవలెను. మెరక చేను మట్టిని, పల్లపు చేను మట్టిని వేరువేరు సంచులలో, వేరువేరు పేర్లతో భూసార పరీక్షకు పంపి ఫలితములను పోల్చవలెను. పది జవాబు పత్రములపై పేర్లు కనిపించకుండ చేసి, ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరికి తెలియకుండ మరొకరు దిద్ది, మార్కులను పక్కపక్కన వ్రాసి చూడవలెను. తేడా ఎంత వచ్చినదో పిల్లలకు కూడ చూపవలెను. మార్కుల పట్టికలో 34 అని వ్రాయడానికి ముందు ఆ పత్రమును మరొక ఉపాధ్యాయునికి ఇచ్చి దిద్దించడము ఏ పాఠశాలకైనా సాధ్యమైన పనియే. దానికి ప్రయోగశాల అవసరము లేదు.